అరిగిన నంబరు

"ప్రీమియం పన్నెండు వేల నాలుగొందలండి, ఏడాదికి"
అన్నారు ఏసుపాదం గారు
నర్సాపురం రేవులో పంటు కోసం నిలబడి,
వేరుశెనగల పొట్లం నా వైపు చాపుతూ.
పన్నెండు వేలంటే
ముహూర్తాల్లేని ఆషాఢంలో
మా స్టూడియోకి రెండు నెలల అద్దె.

భుజానికి ఆరు లక్షలు వేలాడుతున్నాయి.
నావని పేరే గానీ
రెండు లక్షలు సొసైటీ బ్యాంకువి,
లక్షన్నర మా బావమరిది రొయ్యల పట్టుబడిలో మిగిల్చింది,
తక్కినవి నాలుగేళ్ళ పెళ్ళిళ్ళు.
అప్పగింతల్లో అందరూ ఏడుస్తుంటే
నేను ఫోకస్ చూసుకున్న పెళ్ళిళ్ళు.

బావమరిది సూరప్పడు నవ్వాడు.
"వరికి కట్టలేదేంటి బీమా?
ఆ ఏడు పనలు చేలోనే మొలకెత్తాయి,
ఆఫీసు లెక్కలో మా మండలానికి వానే పడలేదు."
లంకల్లో మనిషి బీమా కట్టడు,
అరుగు ఇంకో రెండడుగులు లేపుతాడు.
ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక ఇచ్చారంటే
గేదె గట్టెక్కుతుంది,
బియ్యం బస్తా అటకెక్కుతుంది,
బస్తా మీద నా బ్యాగు.

కాగితం ఇంటికి తెచ్చి చదివాను.
మాక్రో లెన్సు పెట్టి చదవాల్సిన అక్షరాలు.
దొంగ తాళం పగలగొడితే ఇస్తారు,
విడిదింట్లో కుర్చీ మీద మరిచిపోతే ఇవ్వరు.
ఏట్లో మునిగితే ఇస్తారు,
నీళ్ళు గాల్లోంచి వస్తే ఇవ్వరు.
అంటే బూజు.
గాజు లోపల సాలెగూడులా పాకే తెల్ల బూజు.
భాద్రపదమంతా మాకు గాలీ నీరూ ఒకటే కదండీ,
అనడిగితే
"అది అరుగుదల కిందకొస్తుందండి" అన్నారు.

కట్టకూడదనే అనుకున్నాను.

పోయినేడు మాఘంలో, అంతర్వేది తీర్థానికెళ్తూ
పంటు దిగే బల్ల మీద ధనరాజు కాలు జారింది.
మా లైటు కుర్రాడు, పద్దెనిమిదేళ్ళు.
వాడూ బ్యాగూ ఒకేసారి నీళ్ళ వైపు ఒరిగారు.
నా చెయ్యి వాడి కాలరే పట్టుకుంది, నిజమే,
రేవంతా చూసింది, మెచ్చుకుంది.
కన్ను ముందు ఎటు పోయిందో
రేవు చూడలేదు.
ధనరాజు చూశాడు.
పనికొస్తూనే ఉన్నాడు తరవాత కూడా.
బ్యాగు మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు.

ఎంత కట్టినా
ఆ అర రెప్పపాటు వెనక్కి రాదు.
ఇంకోటి రాకుండా ఉంటుందేమో.
సంతకం పెట్టాను.

ఫారానికి కెమెరా ఫొటో అతికించాలట.
మూడొందల మంది పెళ్ళికూతుళ్ళని చూసిందానికి
తనదంటూ ఒక్క ఫొటో లేదు.
ధనరాజు ఫోన్లో తీశాడు,
"గడ్డం కొంచెం పైకెత్తమ్మా" అన్నాడు దాన్ని, అచ్చం నా గొంతుతో.
ఇద్దరం నవ్వాం, చాన్నాళ్ళకి.

నేను నంబర్లు చదువుతుంటే వాడు రాశాడు.
బాడీ. రెండో బాడీ. కొంగలకి వాడే పొడుగు లెన్సు.
చివర్న పొట్టి యాభై,
పాలకొల్లులో పాత సామాన్ల కొట్లో
పదిహేనేళ్ళ కిందట బేరమాడి కొన్నది.
అంచు మీద అంకెలు అరిగిపోయాయి,
నా బొటనవేలి కిందే.
మూడు, ఏడు, ఆపైన ఏదో గుండ్రంగా.
సున్నా కావచ్చు, ఎనిమిదీ కావచ్చు.
"నంబరు లేకపోతే వస్తువు లేనట్టేనండి"
అన్నారు ఏసుపాదం గారు, కొంచెం బాధగానే.

ఇవాళ సఖినేటిపల్లిలో పెళ్ళి.
నంబరున్నవన్నీ బ్యాగులో,
బ్యాగు ధనరాజు భుజాన. నేనడగలేదు.
లేనట్టేనన్నది నా మెడలో.
వశిష్ఠ సగం దాటాక
వాడు పంటు అంచుకెళ్ళి నిలబడ్డాడు.

"లోపలికి రా."
"బ్యాగుకి బీమా ఉందిగా అన్నా."
"దానికుందిలే," అన్నాను,
"నీకు లేదు."